సమ్మె రోజుల్లో స్టీరింగ్ నాది

తెలంగాణ రావాలని నాకు ఎంత ఉండేదో, ఆ సమ్మె ఇంకో పది రోజులు సాగాలని కూడా అంతే ఉండేది. ఈ రెండో కోరిక ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను, తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు.

మా ఆయన సర్కారు బస్సు డ్రైవరు. సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలో నిలిచిపోయిన రోజు ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూనే ఒక శపథం చేశాడు.

"సమ్మె అయిపోయేదాంక స్టీరింగ్ ముట్ట. బస్సుదే గాదు, ఏ బండిదీ ముట్ట."

సమ్మె అంటే బస్సు తోలకపోవడమని ఊరంతా అనుకుంటే, ఈయన తోలడమే మానేశాడు. స్కూటర్ కూడా బయటికి తీయలేదు. కూరగాయల కోసం సరూర్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సంచి ఊపుకుంటూ నడిచి పోయేవాడు. ఆయన పద్ధతే అంత. ఒక్కపొద్దు ఉన్ననాడు మంచినీళ్ళు కూడా ముట్టడు.

మాకో చిన్న కారు ఉండేది. సెకండ్ హ్యాండ్‌ది, తెల్లది, వెనక సీటు ఎండకు బీటలు వారింది. పేరుకు ఇద్దరిదీ. నేను అల్మాస్‌గూడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని, లైసెన్సూ ఉంది. కానీ మూడేళ్ళ కింద కొత్తపేట దగ్గర కారును డివైడర్ మీదికి ఎక్కించాను. ఎవరికీ ఏమీ కాలేదు, బంపర్ మాత్రం ఊడి చేతికొచ్చింది. ఆ రోజు మా ఆయన ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు, అంతే. అప్పటినుంచి కారులో నాది పక్క సీటు, బడికి షేర్ ఆటో.

ఇప్పుడేమో ఆయన స్టీరింగ్ ముట్టడు. మరి కారు ఎవరు తోలాలి? నా పని తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది.

తాళాలు నా చేతిలో పెట్టేటప్పుడు ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. "సమ్మె నడిచినన్ని దినాలే. అయిపోయిన తెల్లారి మళ్ళ నాకియ్యాలె."

"నేను మంచిగ తోలితే?"

"చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని వేలాడాను నేను. సమ్మె ముగిసేలోపు ఈయన నోట 'తాళాలు నీ దగ్గరే ఉండనీ' అనిపించాలి. లేకపోతే జన్మంతా పక్క సీటే. పొద్దున పేపర్ రాగానే అందరూ ఢిల్లీలో ఏం జరిగిందో చూసేవారు. నేను చర్చలు విఫలమయ్యాయా లేదా అని చూసి, విఫలమైతే బాధపడి, ఆ తర్వాత లోపల్లోపల కొంచెం సంతోషపడేదాన్ని.

కానీ ఆయన్ను పక్కన పెట్టుకుని తోలడం అంటే మాటలా! బస్సు డ్రైవరు పక్క సీట్లో కూర్చుంటే ఎట్లా ఉంటుందో డ్రైవర్ల పెళ్ళాలకే తెలుసు. బంద్ రోజున ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా రోడ్డు మీద పిట్ట కూడా లేకపోయినా, నలభై దాటితే చాలు, "మెల్లగ" అనేవాడు. నోటితో అనకపోతే కాలితో అనేవాడు. ఆయన ముందరి రబ్బరు మ్యాట్‌కు కుడి మడమ దగ్గర చిల్లు పడింది. ఇంటికొచ్చేసరికి నాకంటే ఆయనే ఎక్కువ అలసిపోయేవాడు.

అట్లాంటి ఒక రోజున ఇంజన్ ఆయిల్ మార్పించడానికి ఎల్బీ నగర్‌లో మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆయనది గుంటూరు వైపు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళయినా మాటలో అక్కడి సాగదీత పోలేదు. కార్ల పిచ్చి మనిషి. చెన్నై అవతల రేసు ట్రాక్ మీదికి ఏడాదికోసారి సొంత కారు తీసుకుపోయి తిప్పి వస్తాడని షెడ్డులో అందరికీ తెలుసు.

"ఈసారి అంత దూరం ఎందుకని ఇక్కడే పెడుతున్నామండీ" అన్నాడు నాతో. "ఆదివారం, అబ్దుల్లాపూర్‌మెట్ లోపల ఒక వెంచర్‌లో. ఓనరు మనవాడే. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకోవాలి, హెల్మెట్ తెచ్చుకోవాలి. ఒక్కో బండిని విడివిడిగా వదులుతాం. రేసు కాదు మేడమ్, ఎవరితోనూ పోటీ ఉండదు. మన కారు ఎంత పోగలదో, మనం ఎంత తోలగలమో తెలుసుకోవడానికి."

నా నోరు నాకంటే ముందు పోతుంది, అది చిన్నప్పటి జబ్బు.

"మేమొస్తం, పేరు రాసుకోండి" అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. "రేసులకా? నువ్వా?"

"రేసు కాదంట కదా. ఖాళీ రోడ్డు, ఎదురు బండి రాదు, డివైడర్ లేదు. నన్ను పరీక్ష పెట్టి చూడు. ఆడ పాసైతే తాళాలు నాకు, ఫెయిలైతే నీకు."

ఆయన వంగి, కారే పాత ఆయిల్‌ను వేలికి రాసుకుని చూశాడు. "నేను పక్కన కూసుంట" అన్నాడు వేలు తుడుచుకుంటూ. "నువ్వొక్కదానివి పోతే ఒప్పుకోను."

ఆదివారం పొద్దున బయల్దేరాం. పంజాబీ డ్రెస్ వేసుకుని చున్నీ నడుముకు బిగించాను. బడిలో డ్రిల్లు నాడు వేసుకునే తెల్ల బూట్లు తొడిగాను. ఆయన ఒడిలో రెండు హెల్మెట్లు, ఒకటి మాది, ఒకటి పక్కింటివాళ్ళది. హయత్‌నగర్ దాటుతుండగా రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు కనిపించాయి. సమ్మె వాళ్ళ వంటావార్పు. నడి హైవే మీద రాళ్ళు పెట్టి, డేగిశాల్లో బగారన్నం వండుతున్నారు, పక్కన డప్పు మోగుతోంది. తీరా చూస్తే గరిటె పట్టుకున్నవాళ్ళలో సగంమంది మా ఆయన డిపో వాళ్ళే.

"అన్నా, వదినె తోలుతున్నదా! ఎటు పోతున్నరే?" అని అద్దం దగ్గరికి వచ్చాడు ఒకాయన.

సమ్మెలో ఉన్న మనిషి కార్లు ఉరికించే చోటికి పోతున్నానని ఎట్లా చెప్తాడు? మా ఆయన ముఖం చిన్నబోయింది. "పొలం చూడనీకి" అన్నాడు.

ఆ వచ్చినాయన మా ఆయన ఒడిలోని హెల్మెట్లు చూశాడు. "కారుల కూసుంటె హెల్మెట్ ఎందుకే?"

"ఎండకు" అన్నాడు మా ఆయన.

నేను నవ్వు ఆపుకోలేక స్టీరింగ్ మీద తల పెట్టేశాను, హారన్ మోగింది. వాళ్ళు మమ్మల్ని దింపి, విస్తరాకులు వేసి, తినేదాకా కదలనివ్వలేదు. నేను ఆకలితో కాదు, ఆనందంతో రెండుసార్లు వడ్డించుకున్నాను. పోయేటప్పుడు ఒక గిన్నెడు అన్నం మూతపెట్టి వెనక సీట్లో పెట్టి, "మనోళ్ళే, పోనియ్యుండ్రి" అని పొయ్యి పక్కనుంచి దారి ఇచ్చారు.

ఆ వెంచర్ చూస్తే నాకు మతిపోయింది. పెద్ద కమాను, దాని మీద సిమెంటు ఏనుగులు, లోపల నిగనిగలాడే నలభై అడుగుల తారు రోడ్లు, పసుపూ నీలం రంగేసిన ప్లాటు రాళ్ళు, పిల్లల పార్కులో ఒక జారుడుబండ. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. రాష్ట్రం వస్తుందో రాదో తేలక ప్లాట్లు కొనేవాళ్ళు లేకపోయారు. ప్లాట్ల నిండా తంగేడు విరగబూసి ఉంది. మెకానిక్ రోడ్ల అంచున సున్నంతో గీతలు కొట్టి, అన్నీ కలిపి ఒక చుట్టు తయారుచేశాడు. ఐదు మలుపులు, ఒక పొడవాటి తిన్నని దారి. మాతో కలిపి ఆరు కార్లు. తోలేవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ముందు కారులో కదిలే సామానంతా తీసేయాలన్నారు, మలుపుల్లో ఎగిరి తగులుతాయట. మా కారులోంచి రెండు గొడుగులు, క్వార్టర్లీ పరీక్ష పేపర్ల కట్ట, ఉల్లిగడ్డల సంచి, విరిగిన కుర్చీ కాలు, డ్యాష్‌బోర్డు మీది దేవుడు, బగారన్నం గిన్నె వరుసగా బయటికొచ్చాయి. "సంసారమంతా ఇందులోనే ఉందిగా మేడమ్" అన్నాడు మెకానిక్. గిన్నె మూత తెరిచి వాసన చూసి, దాన్ని మాత్రం నీడలో పెట్టించాడు.

గుంపుగా నిలబెట్టి పాఠం చెప్పాడు. మలుపు రాకముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలి. మలుపులో వేయకూడదు. చూపు మలుపు మీద కాదు, మలుపు దాటి ఎక్కడికి పోవాలో అక్కడ ఉండాలి. నేను బడిపిల్లలా తలూపాను. దూరపు మలుపు దగ్గర వెంచర్ వాచ్‌మన్ తాతను నిలబెట్టామని చెప్పాడు. బర్రెలు అడ్డమొస్తే తాత ఎర్ర తువ్వాలు ఊపుతాడు, దారి ఖాళీగా ఉంటే ఉత్త చెయ్యి ఎత్తుతాడు.

మా వంతు వచ్చింది. కొప్పుకు హెల్మెట్ పట్టక జుట్టు విప్పేసుకోవాల్సి వచ్చింది. మా ఆయన, బస్సులో కండక్టరు అన్నట్టు, "రైట్, రైట్" అన్నాడు. పోనిచ్చాను.

మొదటి మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను. రెండో దాని దగ్గర హారన్ కొట్టాను. ఎదురుగా ఎవడూ రాడని తెలుసు, చెయ్యి ఊరుకోలేదు. మూడో మలుపు దగ్గర తాత కనిపించాడు, ఉత్త చెయ్యి ఎత్తి.

"చెయ్యెత్తిండు, ఆపు!" అన్నాడు మా ఆయన.

ఆపాను. ఇరవై ఏళ్ళు పల్లె రూట్లలో చెయ్యెత్తిన చోటల్లా బస్సు ఆపిన మనిషి, పన్నెండేళ్ళు ఆయనతో కాపురం చేసిన నేను. ఇద్దరికీ ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. మా ఆయన వెనక్కి వంగి తలుపు తీసి, "ఎక్కు తాతా, జల్ది" అన్నాడు. ఆ తాత అటు చూసి, ఇటు చూసి, ఇది కూడా ఆటలో భాగమే కాబోలనుకుని ఎక్కేశాడు.

మిగతా రెండు మలుపులూ తిరిగి మొదలుపెట్టిన చోటికొచ్చాం. స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డ మెకానిక్ భార్య ఒకసారి గడియారం వైపు, ఒకసారి వెనక సీటు వైపు చూసింది. మెకానిక్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది! ఆయన్నెందుకు తెచ్చారు? అక్కడ దారి చూసేదెవరు?"

"చెయ్యెత్తిండు కద" అన్నాడు మా ఆయన, తప్పేముందన్నట్టు.

ఆ నవ్వులు అబ్దుల్లాపూర్‌మెట్ సంత దాకా వినపడి ఉంటాయి. తాత కూడా నవ్వాడు. నాకైతే నవ్వీ నవ్వీ హెల్మెట్‌లో కన్నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. మిగతా కార్లు నిమిషమున్నర లోపు తిరిగొచ్చిన చుట్టును మేము నాలుగు నిమిషాల్లో, ఒక ప్రయాణికుడితో సహా పూర్తి చేశాం.

కానీ నవ్వాక ఉక్రోషం వచ్చింది. ఇట్లా అయితే పాసయ్యేదెప్పుడు? రెండో విడతలో ఆయన 'మెల్లగ' అంటున్నా వినిపించుకోలేదు. తిన్నని దారిలో కాలు కిందికంటా తొక్కాను. మా ముసలి కారు అంత గొంతుతో అరవగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆహా, ఏం చెప్పను! కడుపులో ఎవరో చక్కిలిగింతలు పెడుతున్నట్టుంది. నోటికొచ్చిన కేక పెట్టాను. నాలుగో మలుపు వచ్చింది. మెకానిక్ చేయొద్దన్నదే చేశాను, మలుపు మధ్యలో బ్రేకు. కారు వెనక భాగం నన్ను దాటి ముందుకు వచ్చింది. ఆకాశం, ఏనుగుల కమాను, జారుడుబండ, మళ్ళీ ఆకాశం. దుమ్ము తగ్గాక చూస్తే, వచ్చిన దారి వైపు ముఖం పెట్టి తంగేడు చెట్లలో నిలబడి ఉన్నాం. బానెట్ మీద పసుపు పూల కొమ్మ.

నాకు మళ్ళీ నవ్వు వచ్చింది, ఆపుకోలేనంత. పక్కకు చూశాను. ఆయన నవ్వడం లేదు. తలుపు తీసుకుని దిగాడు. నా నవ్వు ఆగిపోయింది. మూడేళ్ళ కింద కొత్తపేటలో కూడా ఇట్లాగే, ఒక్క మాట లేకుండా దిగాడు. అయిపోయింది అనుకున్నాను. నా నోరు, నా కాలు, రెండూ నాకు శత్రువులే. నామీద నాకే అసహ్యమేసింది.

ఆయన కారు చుట్టూ తిరిగాడు. నాలుగు టైర్లూ తన్ని చూశాడు, కింద వంగి చూశాడు. తంగేడు కొమ్మ తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"నీకు తోలనీకి రాదని గాదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు తోలేటప్పుడు ఎన్క ఎవలు లేరనుకుంటున్నవ్. ఉన్నరనుకో. డెబ్బై మంది ఉన్నరు. సగం మంది నిలబడ్డరు. నడిమిట్ల ఒక ముసలవ్వ, ఆమె నెత్తి మీద గుడ్ల గంప. ఆమె కాలు కదలొద్దు, ఒక్క గుడ్డు పగలొద్దు. గట్ల తోలు."

"గట్ల తోల్తే మెల్లగైతది కద."

"తోలి చూడు."

మూడో విడత. ముసలవ్వను ఎక్కించుకున్నాను. వెనక ఆమె ఊపిరి వినపడుతున్నంత నిజంగా అనిపించింది. మలుపుకు చాలా ముందే బ్రేకు మీద కాలు ఆనించి మెత్తగా తొక్కాను, స్టీరింగ్ ఒక్కసారే తిప్పాను, మలుపు అవతలికి చూస్తూ మెల్లమెల్లగా వదిలాను. కారు ఊగలేదు. పక్కనుంచి ఆయన చెప్తూనే ఉన్నాడు. "పట్టుకున్నది అవ్వ... ఆఁ, మంచిగున్నది... ఇంక పెంచు, ఏం గాదు, పడదు... పెంచే!" పన్నెండేళ్ళలో ఆయన నోట నాతో 'పెంచు' అన్న మాట వినడం అదే మొదటిసారి. తాత ఉత్త చెయ్యి ఎత్తాడు, ఈసారి మేమూ చెయ్యి ఊపి సాగిపోయాం. మెకానిక్ గంటసేపు చెప్పిన పాఠం, మా ఆయన రోజూ ఇంట్లో చేసే సణుగుడు, రెండూ ఒకటేనని ఐదో మలుపులో నాకు తట్టింది. లెక్కల టీచర్ని, ఇంతకాలం ఎట్లా తట్టలేదో!

మెకానిక్ భార్య స్టాప్‌వాచ్‌ను రెండుసార్లు చూసుకుంది. నిమిషం ఇరవై రెండు. ఆరు కార్లలో మూడో స్థానం. నేను దిగి గంతులేశాను, ముప్పై ఆరేళ్ళ మనిషిని, జుట్టు విరబోసుకుని, నడి వెంచర్‌లో. పోటీ లేదన్న మాట అందరికంటే ముందు నేనే మర్చిపోయాను.

తర్వాత అందరం జారుడుబండ నీడలో కూర్చుని ఆ బగారన్నం తిన్నాం. ముసలవ్వ సంగతి విన్న మెకానిక్ మా ఆయన్ను వదల్లేదు. "గురువుగారూ, మీరు ఒక్క చుట్టు తిప్పండి. నా బండి ఇస్తాను. చూసి నేర్చుకుంటాం." అందరూ బతిమాలారు. ఆయన కళ్ళు ఆ కారు వైపు పోవడం నేను చూశాను. చేతులు తొడల మీద పెట్టుకుని రుద్దుకున్నాడు. ఎన్ని రోజులైందో ఆ చేతులు స్టీరింగ్ పట్టక.

"సమ్మెల ఉన్న తమ్మీ" అన్నాడు, అంతే.

తాళాల ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. సామాను సర్దుకుని మూడు గంటలకు బయల్దేరాం. హైవే మీద పొయ్యిలు తీసేశారు, నల్లటి రాళ్ళు పక్కకు జరిపి ఉన్నాయి. నేను మనసులో వాదన తయారుచేసుకుంటున్నాను. నువ్వే కదా పెంచమన్నావు, మూడో స్థానం వచ్చింది కదా, సమ్మె రేపే అయిపోయినా సరే, ఇకముందు కూడా బడికి కారులోనే పోతాను, నువ్వు కాదంటే నేను ఊరుకోను. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక గట్టిగా ఊపిరి పీల్చి, "ఇగో, తాళాల సంగతి ఏం చేసినవ్?" అని అడిగాను.

కొట్లాటకు సిద్ధమై పక్కకు తిరిగాను.

నిద్రపోతున్నాడు. తల అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గురక కూడా పెడుతున్నాడు. డ్రైవర్లకు ఇంకొకరు తోలే బండిలో నిద్ర పట్టదు. మా పెళ్ళినాటినుంచి ఆయన ఊరికి పోయే బస్సులో గానీ, తమ్ముడు తోలే జీపులో గానీ కునుకు తీయగా నేను చూడలేదు. నాకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నవ్వు వచ్చింది. పక్కన పోతున్న ఆటోవాడు నన్ను చూసి దూరం జరిగాడు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గరికొచ్చాం, సరూర్‌నగర్ వైపు మా సందు వచ్చింది. అక్కడ ఆపితే లేస్తాడు. నేను ఆపలేదు. సందు దాటించి, చెరువు వైపు రోడ్డు పట్టుకుని, మూడో గేరులో నెమ్మదిగా పోనిచ్చాను.